కొండ మీద విల్లా, ఇంటెడు జనం: ఏది ఎందుకు మొరాయిస్తుంది, ఏం చేయాలి

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ప్రతి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే చర్చ: ఊటీయా, కూనూరా, కొడైకెనాలా? అత్తమామలు, తోడికోడళ్లు, బావలు, మరదళ్లు, పిల్లలు కలిపితే పద్దెనిమిది, ఇరవై మంది తేలతారు. అంతమందికి హోటల్ గదులకంటే ఆరు బెడ్‌రూమ్‌ల విల్లా ఒకటి తీసుకోవడమే నయమనిపిస్తుంది. నిజంగానే నయం. కాకపోతే అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి ఇంటివాళ్లని తప్పుపట్టి లాభం లేదు. ఇరవై మంది ఒకే గంటలో అన్నీ వాడటం ఒక కారణం, ఇక్కడి అలవాట్లు రెండు వేల మీటర్ల ఎత్తులో చెల్లకపోవడం ఇంకో కారణం. ఏ లక్షణం కనిపిస్తే దేన్ని అనుమానించాలో చూద్దాం.

"ఏడు కొట్టేసరికి వేడినీళ్లు అయిపోతున్నాయి"

మొదట స్నానాలకి వెళ్లినవాళ్లు హాయిగా బయటికొస్తారు. తర్వాత వెళ్లినాయన తలకి షాంపూ పెట్టుకున్నాక నీళ్లు చల్లబడతాయి. గీజర్ పాడైందని కేర్‌టేకర్ మీద అరుపులు మొదలవుతాయి. గీజర్‌కి ఏమీ కాలేదు.

లెక్క చూడండి. ఇలాంటి బాత్‌రూముల్లో మామూలుగా ఉండేది 25 లీటర్ల, 2,000 వాట్ల గీజర్. హైదరాబాద్‌లో ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలుంటే 60 డిగ్రీలకి చేరడానికి అరగంట చాలు. ఊటీలో తెల్లవారుజామున నీళ్లు 10 డిగ్రీలుంటే అదే గీజర్‌కి ముప్పావుగంట కావాలి. పైగా చన్నీళ్లు మరీ చల్లగా ఉంటాయి కాబట్టి బకెట్‌లో వేడినీళ్లే ఎక్కువ పోయాలి. ఒక్కసారి కాగిన నీళ్లతో 20 లీటర్ల బకెట్లు రెండు వస్తాయి, అంతే. షవర్ తిప్పితే నాలుగైదు నిమిషాల్లో ఖాళీ. బాత్‌రూముకి ముగ్గురుంటే మూడో మనిషికి చన్నీళ్లే గతి.

పరిష్కారం ఖర్చులేనిదే. షవర్ మానేసి బకెట్ స్నానాలు చేయాలి. వయసులో ఉన్నవాళ్లు, పిల్లలు రాత్రి భోజనానికి ముందే కానిచ్చేస్తే, పొద్దున వంతు పెద్దవాళ్లకి మిగులుతుంది. ఇద్దరి తర్వాత ముప్పావుగంట విరామం ఇవ్వాలి. "మాకు సోలార్ ఉంది సార్" అని ఓనరు గొప్పగా చెబితే సంతోషించండి కానీ, మబ్బు పట్టిన రోజు దాని మీద ఆశ పెట్టుకోకండి.

"గీజర్లు వేయగానే కరెంటు పోతోంది"

ముందు బయటికి చూడండి. పక్క ఇళ్లలోనూ దీపాలు లేకపోతే అది లైన్ సమస్య, ఆగడం తప్ప చేసేదేమీ లేదు. మీ ఇంట్లోనే పోయిందంటే ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే బోర్డులోని స్విచ్, పడిపోయిందన్నమాట. ఆరు గీజర్లు కలిస్తే 12 కిలోవాట్లు. ఒక్కో రూమ్ హీటర్ ఇంకో ఒకటిన్నర, రెండు. కిచెన్‌లో కెటిల్, ఇస్త్రీపెట్టె సరేసరి. ఇంటి కనెక్షన్ అంత లోడ్‌కి తీసుకుని ఉండరు. కాబట్టి ఒక విడతకి రెండు గీజర్లే వేయాలి, ఆ టైములో హీటర్లు ఆపేయాలి.

ఎప్పుడు పడుతోందో కూడా గమనించండి. ఏవేవో కలిపి నాలుగైదు వేశాకే పడుతుంటే అది లోడ్. మిగతావన్నీ ఆపి ఒక ఫలానా బాత్‌రూమ్ గీజర్ ఒక్కటే వేసినా పడుతుంటే, ఆ గీజర్‌లోనే లోపం ఉంది, కరెంటు లీకవుతూ ఉండొచ్చు. దాన్ని ఆపేసి ఆ బాత్‌రూమ్‌లో వేడినీళ్లు వాడటం మానేయండి. "ఏం కాదు సార్, ఫ్యూజ్‌కి కొంచెం లావు తీగ వేస్తా" అని కేర్‌టేకర్ బయల్దేరితే గట్టిగా వద్దని చెప్పండి.

జనరేటర్ ఉందని ప్రకటనలో చూసి నిశ్చింతగా ఉండకండి. చాలాచోట్ల అది లైట్లు, ఫోన్ చార్జింగ్, టీవీ వరకే. గీజర్లు దాని మీద నడుస్తాయా, డీజిల్ ఖర్చు ఎవరిది అన్న రెండు ప్రశ్నలూ అడ్వాన్స్ కట్టేముందు అడగాల్సినవి. వైఫై సంగతి కూడా అంతే: రూటర్ ఇన్వర్టర్ మీద లేకపోతే కరెంటుతోపాటే నెట్టూ పోతుంది. ఆఫీసు మీటింగ్ పెట్టుకుని వచ్చిన బావగారికి టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

"తల పగిలిపోతోంది, వాంతి వచ్చేలా ఉంది"

మిగతావన్నీ చికాకులు, ఇది మాత్రం ప్రాణంతో పని. ఒకే లక్షణానికి మూడు కారణాలుంటాయి. ఏదో తేల్చుకోకుండా "కాసేపు పడుకో, తగ్గిపోతుంది" అనకండి.

ఒకటి, ఘాట్ రోడ్డు. మేట్టుపాళయం నుంచి కూనూరు వెళ్లే దారిలో 14 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఫోన్ చూస్తూ వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి కడుపులో తిప్పడం ఖాయం. బండి దిగాక గంటా రెండు గంటల్లో సర్దుకుంటుందంటే కారణం ఇదే. వచ్చేటప్పుడు ముందు సీటు, దూరంగా రోడ్డు మీద చూపు, కడుపులో తేలికపాటి టిఫిన్. మాత్ర వేసుకునేట్టయితే డాక్టర్ని అడిగి బయల్దేరకముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు. రెండేళ్లలోపు పిల్లలకి ప్రొమెథజైన్ మందు ఇవ్వకూడదు.

రెండు, ఎత్తు. దీని గురించి మనవాళ్లు అనవసరంగా భయపడతారు. ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యం మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. ఊటీ 2,240 మీటర్లే, కొడైకెనాల్ ఇంకా తక్కువ. మనాలీలో విల్లా తీసుకుని అక్కడి నుంచి 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ ఎక్కితే మాత్రం అప్పుడు ఆలోచించాలి. ఆయాసం, తలనొప్పి మొదలైతే కిందికి దిగడమే మందు.

మూడోది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. బాత్‌రూములో గ్యాస్ గీజర్ ఉండి కిటికీ మూసేసినా, చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటిని పడగ్గదిలో పెట్టుకుని తలుపు వేసుకున్నా ఈ గ్యాస్ చేరుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మత్తు, అన్నీ ఘాట్ రోడ్డు వికారంలాగే ఉంటాయి. పోల్చుకునేదెలా? ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే వస్తుంది. బయటి గాలిలోకి వస్తే కొంత తెరిపినపడుతుంది, మళ్లీ లోపలికెళ్తే మొదలవుతుంది. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతసేపటికీ రాకపోతే, పిలిస్తే పలక్కపోతే మొహమాటం లేకుండా తలుపు పగలగొట్టాల్సిందే.

వెంటనే అందర్నీ ఆరుబయటికి తీసుకురండి. ఊపిరి బిగబట్టి వెళ్లి తలుపులు, కిటికీలు తెరిచి, చేతికందితే గ్యాస్ కట్టేయండి. 108కో 112కో ఫోన్ చేయండి. మనిషి కాస్త తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇల్లు చూసుకునేటప్పుడే గ్యాస్ గీజర్ ఎక్కడ బిగించారో ఫొటో అడగండి. బాత్‌రూము బయట, గాలి ఆడే చోట ఉంటే సరే. లోపల ఉంటే ఎంత అందమైన లోయ కనిపించినా ఆ ఇల్లు వదిలేయండి.

"పప్పు ఉడకట్లేదు, బిర్యానీ గింజ పలుకుగానే ఉంది"

వంటవాడి చేతకానితనం అనుకుంటారు. కాదు, ఎత్తే కారణం. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున పడిపోతుంది. హైదరాబాద్‌లో 98 దగ్గర మరిగే నీళ్లు ఊటీలో 92, 93కే మరుగుతాయి. మంట ఎంత పెంచినా తెరిచిన గిన్నెలో వేడి అంతకు మించదు, నీళ్లు ఆవిరైపోతాయంతే.

కందిపప్పుని గంట ముందు నానబెట్టి కుక్కర్లోనే పెట్టండి, ఇక్కడికంటే ఒకటో రెండో విజిల్స్ ఎక్కువ రానివ్వండి. విల్లా కిచెన్‌లో చాలాసార్లు ఐదు లీటర్ల కుక్కర్ ఒక్కటే ఉంటుంది. ఇరవై మందికి అది ఏ మూలకి? రోడ్డు మీద వెళ్తుంటే పది లీటర్ల కుక్కర్ ఒకటి డిక్కీలో పడేసుకోండి.

బిర్యానీ దగ్గర పట్టుదల కొంచెం తగ్గించుకోవాలి. పచ్చిమాంసం మీద బియ్యం పరిచి దమ్ పెట్టే కచ్చీ పద్ధతి ఆ ఎత్తులో మొండికేస్తుంది: పైన అన్నం అయిపోతుంది, కింద మటన్ నమలలేం. మటన్‌ని ముందే కుక్కర్లో మెత్తబరిచి, తర్వాత దమ్ వేసే పక్కీ పద్ధతే మేలు. బియ్యాన్ని నిమిషాల లెక్కన దించకుండా, గింజ తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. లోపల సన్నని తెల్లటి పలుకు మిగిలినప్పుడు వార్చాలి. మా పాతబస్తీ మిత్రులు దీన్ని బిర్యానీగా ఒప్పుకోకపోవచ్చు. ఆ చలిలో ఆకలి మీదున్న జనం ఒప్పుకుంటారు.

ఇడ్లీపిండి రాత్రంతా పెట్టినా పొంగకపోవడం వేరే జబ్బు. దానికి 30 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, వంటగదిలో ఉన్నవి 12, 13. గోరువెచ్చని నీళ్లు పోసిన పెద్ద గిన్నెలో పిండిగిన్నె దించి, పైన దుప్పటి కప్పి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. పెరుగుకీ ఇదే వైద్యం. అంత ఓపిక లేకపోతే ఉప్మా చేసుకోవడమే సుఖం.

"చెక్‌పోస్ట్ దగ్గర ఆపేశారు"

ఊటీ, కూనూరు ఉన్న నీలగిరి జిల్లాకీ కొడైకెనాల్‌కీ వెళ్లే బయటి వాహనాలకి 2024 మే 7 నుంచి మద్రాస్ హైకోర్టు ఆదేశంతో ఇ-పాస్ తప్పనిసరి చేశారు. 2025 ఏప్రిల్ నుంచి సీజన్‌లో సంఖ్యకీ పరిమితి పెట్టారు: నీలగిరికి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, వారాంతాల్లో 8,000. పాస్ ఉచితం, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బండికొకటి తీసుకోవాలి. మూడు కార్లలో వెళ్తూ ఒకే పాస్ తీసుకుంటే రెండు కార్లు కిందే ఆగుతాయి. నియమాలు మారుతుంటాయి కాబట్టి విల్లాకి డబ్బు కట్టేముందే పాస్ దొరుకుతుందో లేదో చూడండి.

ప్లాస్టిక్ వాటర్ బాటిళ్ల కేసు డిక్కీలో కనిపిస్తే తీయించేస్తారు. స్టీల్ బాటిళ్లు పెట్టుకోండి.

మైసూరు, గుండ్లుపేట మీదుగా వెళ్లేవాళ్లకి ఇంకో చిక్కు. బందీపూర్ అడవి రోడ్డుని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుని చీకటి పడితే అక్కడ గేటు ముందు బతిమాలి లాభం లేదు, మైసూరులో ఆగిపోండి. లేదా బెంగళూరు నుంచి సేలం, మేట్టుపాళయం దారి పట్టండి.

"బండి ఇంటిదాకా రావట్లేదు"

చివరి కిలోమీటరు ఇరుకు రోడ్డు, నిలువు ఎక్కుడు. 26 సీట్ల బస్సు మలుపు తిరగదు. ఏ సైజు బండి గేటు దాకా వస్తుందో ఓనర్ని ముందే అడగండి. అప్పటికే ఇరుక్కుపోతే కేర్‌టేకర్ చేత స్థానిక జీపులు పిలిపించి సామాను, పెద్దవాళ్లని పైకి చేర్చండి.

"గదినిండా పొగ"

ఫైర్‌ప్లేస్ వెలిగించగానే పొగ లోపలికి వస్తుంటే పొగగొట్టంలోని రేకు తలుపు మూసి ఉండొచ్చు, లేదా కట్టెలు తడివై ఉండొచ్చు, లేదా గొట్టం చల్లగా ఉండి పొగ పైకి లాగట్లేదు. ఆ రేకు తలుపు తెరవండి, ఎండుకట్టెలు అడగండి, ముందు ఒక న్యూస్‌పేపర్ వెలిగించి గొట్టం నోటి దగ్గర పట్టుకుని కాస్త వేడెక్కించండి. నిప్పు పూర్తిగా ఆరకుండా తలుపులన్నీ బిగించి పడుకోవద్దు, కారణం పైన చెప్పిన కార్బన్ మోనాక్సైడే.

దుప్పట్లు చెమ్మగా ఉండి ముక్కవాసన కొడుతుంటే రూమ్ హీటర్ ముందు ఆరబెట్టండి, మరీ దగ్గరగా కాదు. వానాకాలం కొండల మీద ఇది మామూలే.

"ఇరవై మందికి సరిపోతుందన్నారు, మంచాలు పన్నెండుకే ఉన్నాయి"

ప్రకటనల్లో "ఇరవై మంది" అంటే హాల్లో పరుపులు పరిచిన లెక్క. మంచాలెన్ని, ఏ అంతస్తులో ఎన్ని, కమోడ్ ఉన్న కింది గది ఉందా అని విడివిడిగా అడగాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారిని చెక్క మెట్లు ఎక్కించి రెండో అంతస్తులో పడుకోబెట్టడం కుదిరే పని కాదు. వచ్చాక తెలిసిందంటే ఒకటే దారి: కింది గది పెద్దవాళ్లకి, హాలు కుర్రకారుకి. కొత్త దంపతుల మొహాలు చూడకుండా నిర్ణయం తీసుకోవాలి. ధర అడిగేటప్పుడు పన్ను కలిపి చెప్పమనండి. రోజుకి 7,500 దాటిన గదులకి 18 శాతం జీఎస్టీ, దానికి హీటర్లు, చలిమంట, వంటవాడు చేరితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

"అడ్వాన్స్ పంపాక ఫోన్ ఎత్తట్లేదు"

అది బిజీ కాదు, మోసం కావచ్చు. గంటల లెక్కన ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ముందు జాగ్రత్త కావాలంటే వీడియో కాల్‌లో గేటు నుంచి వంటగది దాకా నడిచి చూపించమని అడగండి. నిజంగా ఇల్లున్నవాడు చూపిస్తాడు. మిగతావాడికి ఆ రోజే నెట్‌వర్క్ ఉండదు.

"డిపాజిట్‌లో కోత పెట్టారు"

పగిలిన గాజుగ్లాసు, మరకపడిన కార్పెట్, ఎప్పటిదో తెలియని గోడమీది గీత. చెక్ ఇన్ రోజు సామాను దించకముందే ఇల్లంతా వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి. కరెంటు యూనిట్ల లెక్కన వసూలు చేసేచోట మీటర్ రీడింగ్ ఫొటో కూడా కలపండి. డిపాజిట్ ఏ రోజుకి తిరిగి వేస్తారో అదే చాట్‌లో రాయించుకోండి.