గేరుబాక్సు కిట్టు కొనేముందు ఛాంబరు విప్పండి

రాయగడలోని మా షెడ్డు నుంచి విశాఖపట్నం ఆటోనగర్ వెళ్లి రావాలంటే ఒక రోజు పోయినట్టే. పార్వతీపురం, విజయనగరం దాటి అంత దూరం వెళ్లి తెచ్చిన కిట్టులో, అంటే గేరుబాక్సు బాగుచేసే విడిభాగాల పెట్టెలో, ఒక్క సీలు సరిపోలేదంటే మళ్లీ అదే దారి పట్టాలి. ఈలోపు విప్పిన గేరుబాక్సు బల్ల మీద దుమ్ము తింటూ ఉంటుంది, బండి ఓనరు రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తుంటాడు. అందుకే మన వైపు ఆటోమేటిక్ బండ్లు చేసే తమ్ముళ్లకి ఇదంతా వివరంగా చెప్పాలనిపించింది.

బండి పేరు చెప్పి కిట్టు అడగకండి. ఎర్టిగా అంటే ఏ ఎర్టిగా? ముందు వచ్చినవి నాలుగు గేర్ల ఆటోమేటిక్, 2022 నుంచి ఆరు గేర్లది. సెలేరియోలో ఉన్నది ఏఎంటీ. దానికి టార్క్ కన్వర్టరు (ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేరుబాక్సుకి అందించేది) ఉండదు. మామూలు క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కే యాక్చుయేటరు, అంతే. సీవీటీ అయితే బెల్టూ పుల్లీలూ. వీటన్నిటినీ జనం ఆటోమేటిక్ అనే అంటారు. గేరుబాక్సు బాడీ మీద రేకు ముక్కో, పోతలో అచ్చయిన అక్షరాలో ఉంటాయి. బ్రష్షుతో మట్టి తుడిచి ఫోటో తీసుకోండి. దానితోపాటు 17 అక్షరాల ఛాసిస్ నంబరు కూడా రాసుకుని వెళ్తే దుకాణం వాళ్లు సరిచూసి ఇస్తారు.

తర్వాత ఛాంబరు, అంటే గేరుబాక్సు కింద ఆయిలు నిలిచే తొట్టి, విప్పండి. ఏ కిట్టు కావాలో చెప్పేది అదే. లోపలి అయస్కాంతాలకి మెత్తటి బూడిదరంగు ముద్ద కొద్దిగా అంటుకుని ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదలే. ఆయిలు మరీ పాడవకపోతే ఫిల్టరు, ఛాంబరు ప్యాకింగు, ఆయిలుతో పని అయిపోతుంది. ఇనుప పెచ్చులు కనిపిస్తే గేర్లు గానీ బేరింగులు గానీ అరిగిపోతున్నాయని. పసుపు రంగులో మెరిసే పొడి అయస్కాంతానికి అంటుకోదు, ఛాంబరు అడుగున ఉంటుంది. అది బుష్‌లది. ఆయిలు నల్లబడి మాడు వాసన వేస్తూ, అడుగున నల్లటి పీచు కనిపించిందా, క్లచ్ ప్లేట్ల లైనింగు పోయినట్టే. ఆయిలు గులాబీరంగు పాలలా ఉంటే రేడియేటరులోని కూలరు చిల్లుపడి నీళ్లు కలిశాయి. అప్పుడు ప్లేట్లు చూపుకి బాగున్నా వదలొద్దు. లైనింగు కాగితంలాంటి పదార్థం, నీళ్లు పీల్చుకుంటుంది, జిగురు ఊడిపోతుంది. ప్లేట్లన్నీ మార్చాలి, కన్వర్టరు, రేడియేటరు సంగతి కూడా చూడాలి.

ఇక కిట్ల పేర్లు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. కొత్తలో సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కొరాపుట్ తిరిగే టాక్సీ ఒకటి వచ్చింది. “బావూ, ఘాటెక్కితే జారిపోతంది” అన్నాడు డ్రైవరు. ఓవరాల్ (ఓవర్‌హాల్) కిట్టు అంటే అన్నీ ఉంటాయనుకుని తెచ్చేశాను. అందులో ఉన్నవి ప్యాకింగులు, ఓ-రింగులు, సీళ్లే. క్లచ్ ప్లేట్లు విడిగా తెప్పించాను గానీ వాటి మధ్య ఉండే, వేడికి నీలం మచ్చలు పడిన పాత స్టీల్ ప్లేట్లనే తిరిగి వేశాను. నెల తిరక్కుండా బండి వెనక్కి వచ్చింది. ఆ కుటుంబానికి ఆ బండే తిండి. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను, కానీ అతను పోగొట్టుకున్న రోజులు తెచ్చివ్వలేకపోయాను.

కాబట్టి గుర్తుపెట్టుకోండి: ఓవరాల్ కిట్టులో సీళ్లూ ప్యాకింగులూ, బ్యానర్ కిట్టులో వాటితోపాటు క్లచ్ ప్లేట్లు, మాస్టర్ కిట్టులో స్టీల్ ప్లేట్లు కూడా. ఫిల్టరు, బుష్‌లు ఉంటాయా లేదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, జాబితా చదవండి. రబ్బరు అంటించి వచ్చే పిస్టన్లు, కరెంటుతో ఆయిలు దారులు తెరిచి మూసే సోలనాయిడ్లు చాలావరకు విడిగానే కొనాలి. ప్లేట్లు మాడిన బండికి నేను మాస్టర్ తప్ప ఇంకోటి తేను.

దుకాణానికి పాత ప్లేట్లు సంచిలో వేసుకుని వెళ్లండి. కౌంటరు మీద పక్కపక్కన పేర్చి ఎన్ని ఉన్నాయో, పళ్లు ఎన్నో లెక్కపెట్టండి. మందం వెర్నియర్‌తో కొలవండి. పాత లైనింగు అరిగి ఉంటుంది కాబట్టి దాని సరైన మందం మాన్యువల్‌లో చూసుకోవాలి, స్టీల్ ప్లేటు మాత్రం పాతదానికి దగ్గరగానే రావాలి. టెఫ్లాన్ రింగులకు కోత ఉందా లేదా చూడండి. కోత లేనివైతే సాగదీసి ఎక్కించి, మళ్లీ కుదించే సాధనం కావాలి. అది లేకుండా ఎక్కిస్తే రింగు తెగుతుంది. సీలు వేలితో నొక్కితే మెత్తగా తిరిగి లేవాలి. ఏళ్లుగా అరలో ఎండి గట్టిపడింది ఎంత చవకైనా వద్దు.

ఆయిలు కూడా కిట్టులో భాగమే అనుకోండి. టొయోటాకి డబ్ల్యూఎస్ రకం ఆయిలు అంటే డబ్ల్యూఎస్సే, హ్యుందాయ్ ఆరు గేర్లదానికి ఎస్‌పీ-4, హోండా సిటీ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2. రంగు ఒకటేనని ఒకదాని బదులు ఇంకోటి పోయకండి.

బిగించేటప్పుడు కొత్త ప్లేట్లని అదే ఆయిలులో నానబెట్టండి. నేను రెండు గంటలు ఉంచుతాను. సీళ్లకి వేజ్‌లైన్ రాయండి, ఛాసిస్ గ్రీజు వద్దు. అది ఆయిలులో కరగక, ఆయిలుని క్లచ్‌లకి పంపే వాల్వ్ బాడీ దారులు మూసేస్తుంది. ప్రతి క్లచ్ ప్యాకులో సందు ఫీలర్ గేజ్‌తో చూసి మాన్యువల్ అంకెకి రాకపోతే వేరే మందం సర్‌క్లిప్పో, స్టీల్ ప్లేటో అడగాలి. అవి కిట్టులో రాకపోవచ్చు, ముందే దుకాణంలో ఉన్నాయేమో కనుక్కోండి.

పాత సామాను పారేయకండి. బండి నిండా మనుషులతో సుంకి ఘాటు ఎక్కి దిగి వచ్చాక, చల్లారనిచ్చి మాన్యువల్ చెప్పిన వేడికి ఆయిలు లెవెలు మళ్లీ చూసి, కింద చుక్క కారకపోతేనే నేను ఆ పాత సంచి తుక్కులో వేస్తాను.