గది చిన్నదని బాధపడే ముందు ఆ సూట్‌కేసులు తీయండి

పరాయి దేశంలో కొత్తగా దిగినవాళ్ల గదులన్నీ ఒకేలా ఉంటాయి. తలుపు తీయగానే రెండు పెద్ద సూట్‌కేసులు. ఒకటి మూలన నిలబడి ఉంటుంది, ఇంకొకటి నోరు తెరుచుకుని నేల మీద పడి ఉంటుంది. బట్టలు అందులోంచే తీయడం, మళ్లీ అందులోనే కుక్కడం. అలా నెలలు గడిచిపోతాయి. పైగా ‘గది మరీ అగ్గిపెట్టెలా ఉందండీ’ అని గోల!

లెక్క వేసి చూడండి. పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని చాలా విమాన సంస్థల నియమం. అంటే పెద్ద సూట్‌కేసు సుమారు 76, 50, 30 ఉంటుంది. గట్టి డొప్ప రకమైతే మధ్యకు విచ్చుకుంటుంది కాబట్టి తెరిచి పెడితే 76 బై 100, అంటే ముప్పావు చదరపు మీటరు. రెండూ తెరిస్తే ఒకటిన్నర. ఇప్పుడు గది 2.4 బై 3 మీటర్లు అనుకుందాం, మొత్తం 7.2 చదరపు మీటర్లు. సింగిల్ మంచానికి 1.8, అలమరకు 0.6, బల్లకు 0.6 పోతే మిగిలేది 4.2. ఆ మిగిలినదాంట్లో మూడో వంతు పైగా సూట్‌కేసులకు రాసిచ్చేసి గదిని తిడితే ఏం లాభం?

గది ఎంత ఉందో కన్ను ముందుగా నేలను చూసే అంచనా వేసుకుంటుంది. నేల తెగకుండా గోడ దాకా కనిపిస్తే విశాలంగా తోస్తుంది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే చూపు అక్కడే ఆగిపోతుంది. కాళ్లున్న మంచం, కాళ్లున్న బల్ల కొనమనేది అందుకే.

కాబట్టి మొదటి పని: చిన్న పెట్టెను మధ్యదాంట్లో, దాన్ని పెద్దదాంట్లో పెట్టేయండి. ఒకే సైజువి రెండుంటే ఒకదాంట్లో ఒకటి పట్టవు, అప్పుడు ఈ కాలానికి అక్కర్లేని బట్టలతో రెండూ నింపండి. బాగా ఆరిన బట్టలే సుమా, చెమ్మ ఉంటే కొన్నాళ్లకు ముక్క వాసన కొడతాయి. ఇక మంచం కిందికి తోయాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పెట్టె మందం 30, చక్రాలతో ఇంకాస్త ఎక్కువ. మంచం కింద 33 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చాలా మంచాల కింద అంత ఉండదు. మంచం కాళ్ల కింద పెట్టి ఎత్తు పెంచే దిమ్మెలు దొరుకుతాయి. మధ్యలో కాలుంటే దాని కిందా ఒకటి పెట్టాలి, లేకపోతే పలకలు కుంగుతాయి. పెట్టెను గోడ వైపుకంటా నెట్టండి. 90 సెంటీమీటర్ల మంచం కింద 50 పెట్టె పోగా ముందు 40 ఖాళీగా కనిపిస్తుంది, అదే కావాలి.

అయితే ఆ గోడ బయటి గోడ అయితే, చలి దేశాల్లో, ఏదీ పూర్తిగా ఆనించకండి. గాలి ఆడని చోట చల్లటి గోడ మీద ఆవిరి నీరై బూజు పడుతుంది. అలమరకైనా పెట్టెకైనా 5 సెంటీమీటర్లు వదలండి. ఉతికిన బట్టలు గదిలోనే ఆరేసుకుంటే ఈ బాధ రెట్టింపు.

పెట్టెను అలమర మీద పెట్టొచ్చా? పైన 35 సెంటీమీటర్లుంటే పెట్టొచ్చు. కానీ పైకప్పు కిందికి దిగినట్టు అనిపిస్తుంది. వేరే దారి లేకపోతేనే.

మంచం విషయానికొస్తే, ‘ఎలాగూ కొంటున్నాం కదా, పెద్దదే కొందాం’ అనే మాట ఎంతమంది నోట విన్నా ఒళ్లు మండుతుంది. 2.4 మీటర్ల వెడల్పు గదిలో 150 మంచం గోడకు చేరిస్తే మిగిలేది 90. ఎదురుగా 60 లోతు అలమర పెడితే 30. ఆ సందులో అలమర తలుపు తెరుచుకోదు, మనిషి నిలబడలేడు. నడవడానికి కనీసం 60 సెంటీమీటర్లు, బల్ల దగ్గర కుర్చీ వెనక్కి జరపడానికి 70 దాకా కావాలి. కొలిచేటప్పుడు గోడ అడుగున ఉండే చెక్కపట్టీ మందం తీసేయండి, గది తలుపు ఎంత దూరం తిరుగుతుందో చూడండి, మెట్ల మలుపు కూడా కొలవండి.

కర్టెన్ రాడ్డును కిటికీ మీద కాకుండా పైకప్పుకు దగ్గరగా పెట్టండి. రెండు పక్కలా 20 సెంటీమీటర్ల చొప్పున గోడ మీదికి రానివ్వండి. అప్పుడు తెరిచిన గుడ్డ గోడ మీద ఉంటుంది, గాజంతా వెలుతురుకు వదిలేసినట్టవుతుంది. కిటికీ కింద గదిని వేడెక్కించే రేడియేటర్ ఉంటే మాత్రం గుడ్డ దాని మీద పడకూడదు, వేడి కర్టెన్ వెనకే ఉండిపోతుంది. గోడకు రంధ్రం వేసే ముందు ఓనరును అడగండి, డిపాజిట్ వాళ్ల చేతిలోనే ఉంది.

పైకప్పు మధ్యలో ఒక్క బల్బు ఉంటే మూలలు చీకటిగా ఉంటాయి. మూలలు కనపడకపోతే గది దగ్గరికి ముడుచుకుపోతుంది. రెండు మూడు చిన్న దీపాలు గోడల దగ్గర, వెలుగు గోడ మీద పడేలా పెట్టండి. కొనేటప్పుడు వాట్లు కాదు, వెలుగు ఎంతో చెప్పే ల్యూమెన్లు చూడండి: 800 ల్యూమెన్లంటే పాత 60 వాట్ల బల్బంత వెలుగు, రంగు 2700 నుంచి 3000 కెల్విన్, అంటే పసుపు ఛాయ వెలుగు. హోల్డరు మెలితిప్పేదా, పిన్నులదా, అక్కడి వోల్టేజి ఎంత అన్నది ముందే చూసుకోండి.

అద్దం కిటికీకి ఎదురుగానో పక్క గోడకో ఉంటే వెలుతురు పెరుగుతుంది. బట్టల గుట్టకు ఎదురుగా పెడితే గుట్టలు రెండవుతాయి. నాలుగు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 10 కిలోలు తూగుతుంది. 120 బై 40 అద్దం దాదాపు 5 కిలోలు, ఫ్రేము బరువు వేరు. అంటించే హుక్కులకు దాన్ని అప్పగించకండి. గోడకు వాల్చినా పైన పట్టు ఉండాలి.

రంగులు వేయనివ్వకపోతే దిగులు పడకండి. చిన్న గదిలో సామాన్లన్నిటిలోకీ ఎక్కువ చోటు తీసుకునేది మంచమే. గోడ రంగుకు దగ్గరి లేత దుప్పటి పరిస్తే మంచం గోడలో కలిసిపోతుంది.

సరే, బెదరగొట్టింది చాలు. ఆ 2.4 బై 3 గది ఒక్క మనిషికి సరిపోతుంది, నిజమే. ఇవన్నీ ఒక్కరోజులో చేయక్కర్లేదు. ఈ సెలవు రోజు సూట్‌కేసులు, తర్వాతి వారం కొలతలు, దీపాలు జీతం పడ్డాక. మంచం మాత్రం టేపు చేతిలో లేకుండా కొనకండి.