ఊర్మిళ, నీలకంఠ: హెడర్‌లో తెలుగు పేర్లు పెట్టే ముందు జాగ్రత్తలు

ఇన్నాళ్లూ మీ యాప్‌లో పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి. వచ్చే రిలీజ్ నుంచి తెలుగులోనూ రాసుకోవచ్చని చెప్పబోతున్నారు. డేటాబేస్ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతి), పేజీ యూటీఎఫ్-8, ఇంక టెన్షన్ ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ పేరు ఎక్కడైనా రిక్వెస్ట్ హెడర్‌లో (సర్వర్‌కి అసలు డేటా కంటే ముందు వెళ్లే వివరాల లైన్లలో) కూడా వెళ్తోందేమో ముందు వెతకండి. ఎప్పుడో ఎవరో తొందరలో పెట్టి ఉంటారు. ఇంగ్లిష్ పేర్లు నడిచినంత కాలం దాని జోలికి ఎవరూ వెళ్లరు.

1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం హెడర్‌లోని మాటల్ని లాటిన్-1గా, అంటే పడమటి యూరప్ భాషల కోసం ఒక్కో అక్షరానికి ఒకే బైట్ వాడే పద్ధతిలో, చదవమంది. 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110 అనే ఇంటర్నెట్ ప్రమాణం మాత్రం కొత్త హెడర్ల విలువలు ఆస్కీ (మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు) దాటకుండా చూసుకోమంటుంది. దారిలో ఉన్న ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్), ఫ్రేమ్‌వర్క్, లాగ్ రాసే టూల్ ఇందులో ఏ కాలం మాట వింటాయో వాటి ఇష్టం. బ్రౌజర్‌లో రిక్వెస్ట్ పంపే ఫెచ్ ఫంక్షన్‌కి తెలుగు హెడర్ ఇస్తే రిక్వెస్ట్ బయలుదేరనే బయలుదేరదు, టైప్ ఎర్రర్ వస్తుంది. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా చెల్లని అక్షరం ఉందని ఆపేస్తుంది. ఇలా మొహం మీదే చెప్పేవాటితో పేచీ లేదు. కిక్కురుమనకుండా పంపేసేవాటితోనే చిక్కు.

2016లో నోడ్‌లో ఒక లోపం బయటపడింది. హెడర్ రాసేటప్పుడు అక్షరం కోడ్‌లో చివరి బైట్ ఒక్కటే ఉంచి, పైది కోసేసేది. అలా కోశాక కొత్త లైన్ గుర్తుగా మిగిలే అక్షరాల్ని ఏరి పంపితే, హెడర్ మధ్యలో లైన్ తెగి, ఆ తర్వాతిదంతా దాడి చేసేవాడు రాసిన హెడర్ అయిపోయేది. నోడ్‌లో దాన్ని సరిచేశారు. అయితే ఎవరో చేత్తో రాసుకున్న పాత గేట్‌వే మీ దారిలో ఉంటే? మన ‘ఊ’ యూనికోడ్ సంఖ్య 0సీ0ఏ. పైది కోస్తే మిగిలేది 0ఏ, అంటే సాక్షాత్తూ కొత్త లైనే. అందుకే టెస్ట్ డేటాలో రాముడు, సీత సరిపోరు. రామాయణంలో అందరూ మరిచిపోయే ఊర్మిళ ఉండి తీరాలి.

రెండో పేరు నీలకంఠ. పైథాన్ వెబ్ సర్వర్లు చాలావరకు హెడర్ బైట్లను లాటిన్-1గా చదివి మనకిస్తాయి. ‘ఠ’ యూటీఎఫ్-8లో మూడు బైట్లు: ఈ0, బీ0, ఏ0. ఆ చివరి ఏ0కి లాటిన్-1లో అర్థం విడిపోని ఖాళీ (దాని దగ్గర లైన్ తెగని స్పేస్). అటూ ఇటూ ఖాళీలు తీసేద్దామని మీరు మంచి మనసుతో స్ట్రిప్ వాడితే ఆ బైట్ కాస్తా ఎగిరిపోతుంది. తర్వాత యూటీఎఫ్-8గా మార్చబోతే ఎర్రర్. నీలకంఠలా ‘ఠ’తో ముగిసే పేర్లకి తప్ప ఇంకెవరికీ రాదు, కాబట్టి సపోర్ట్ వాళ్లు ‘మా దగ్గర బానే పనిచేస్తోందండీ’ అంటారు.

అసలు మంచి పని, పేరును హెడర్‌లోంచి తీసి బాడీలో, అంటే రిక్వెస్ట్‌లోని అసలు డేటాలో, పెట్టడం. కుదరకపోతే శాతం గుర్తులతో ఎన్‌కోడ్ చేసి (ఒక్కో బైట్‌ను %E0 లాంటి మూడు అక్షరాలుగా రాసి) పంపండి. అది ఎంత ఉబ్బుతుందో మాత్రం లెక్క వేసుకోండి. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతం గుర్తులతో కలిపి ఆరు కోడ్లు, 18 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక 54 అక్షరాలు. అదే బేస్64 (బైట్లను 64 మామూలు అక్షరాలతో రాసే ఇంకో పద్ధతి)లో అయితే 24. అపాచీ వెబ్ సర్వర్ మామూలుగా ఒక్కో హెడర్‌కి 8190 బైట్లే ఒప్పుకుంటుంది. పేర్లకు ఇబ్బంది లేదు గానీ, పూర్తి చిరునామాలో వినతిపత్రాలో పెట్టే ఆలోచనుంటే మానుకోండి.

డీకోడ్ చేసేది ఒక్క చోటే ఉండాలి, ఆ చోటు ఏదో టీమంతటికీ తెలియాలి. ‘50% రాయితీ’ లాంటిది రెండుసార్లు డీకోడ్ అయితే రెండోసారి కుప్పకూలవచ్చు. డీకోడ్ అయ్యాక లైన్ బ్రేకులున్నాయేమో చూసిన తర్వాతే లాగ్‌లో రాయండి.

ఫైల్ పేర్ల పద్ధతి వేరు. డౌన్‌లోడ్‌కైతే ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తు (*), అదే స్టార్, ఉన్న రూపం వాడి, పాత క్లయింట్ల కోసం మామూలు ఇంగ్లిష్ పేరు కూడా ఇవ్వండి. ఫారంలో అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ స్టార్ రూపం వాడకూడదని ఆర్ఎఫ్‌సీ 7578 ఖరాఖండిగా చెప్పింది. చాలామంది ఇక్కడే తడబడతారు.

తెలుగే వాడని హెడర్లలోనూ కంటికి కనబడని అక్షరాలు దూరుతాయి. లాగిన్ గుర్తుగా పంపే టోకెన్‌ను చాట్‌లోంచో డాక్యుమెంట్‌లోంచో కాపీ చేస్తే వంకర కోట్ గుర్తు, తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత వాడే కనిపించని నాన్-జాయినర్ అంటుకొస్తాయి. అవి ఎర్రర్ ఇస్తాయి కాబట్టి నయం. విడిపోని ఖాళీ మాత్రం లాటిన్-1లో ఉన్నదే కాబట్టి హాయిగా వెళ్లిపోతుంది, అవతల 401 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది. టోకెన్ మార్చి మార్చి చూసి రాత్రంతా గడిపేముందు దాని పొడవు లెక్కపెట్టండి.

లోకల్‌హోస్ట్‌లో, అంటే మీ సొంత కంప్యూటర్‌లో, పనిచేసిందని సంబరపడొద్దు, అక్కడ మధ్యలో ప్రాక్సీ ఉండదు. అసలు దారిలోనే పంపి లాగ్ చూడండి. నెత్తిన గీతతో ఇంగ్లిష్ చిన్న ‘ఎ’, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో మళ్లీ మళ్లీ కనిపిస్తే అది తెలుగే, లాటిన్-1గా చదివారంతే. బైట్లన్నీ మిగిలి ఉంటే, తిరిగి బైట్లుగా మార్చి యూటీఎఫ్-8గా చదివితే పేరు దొరుకుతుంది. వరసగా ప్రశ్న గుర్తులే కనిపిస్తే మాత్రం పేరు పోయినట్టే, ఆ మనిషికి ఫోన్ చేసి మళ్లీ అడగాల్సిందే.