ఫిన్లాండ్ చీకట్లో డ్రైవరుకి మీరు కనబడాలంటే

హెల్సింకి, ఎస్పో వైపు వేసవిలో దిగినవాళ్లకి ఈ సంగతి తట్టదు. నవంబరు వచ్చేసరికి ఆఫీసుకి వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. డిసెంబరులో సూర్యుడు ఉదయం 9 దాటాక వచ్చి, మధ్యాహ్నం 3 దాటగానే వెళ్లిపోతాడు. మంచు పడ్డాక కాస్త నయం, నేలంతా తెల్లగా ఉంటుంది. దానికి ముందు, వానకి తడిసిన తారురోడ్ల రోజులతోనే నాకు భయం.

కారు లైట్లు మనకి కనబడుతున్నాయి కదా, డ్రైవరుకి మనమూ కనబడతాం అనుకుంటాం. అది తప్పని నేను ఇక్కడ కారు నడపడం మొదలుపెట్టాకే తెలిసింది. ఒక సాయంత్రం చినుకుల్లో, చాలా దూరంలో తెల్లటి చుక్క ఒకటి ఊగుతోంది. దగ్గరికెళ్తే స్కూలు పిల్ల, బ్యాగుకి వేలాడుతున్న రిఫ్లెక్టర్, అంటే కారు లైటు పడితే మెరిసే చిన్న బిళ్ల. ఆ పిల్లతో నడుస్తున్న నల్ల జాకెట్ ఆయన మాత్రం కారు పక్కకి వచ్చేదాకా కనబడలేదు. ఇంటికొచ్చి మా జాకెట్లు చూశాను. అన్నీ నలుపే.

డిమ్ లైట్లలో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి కనబడేది సుమారు 50 మీటర్ల నుంచి. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ దూరాన్ని రెండు సెకన్ల పైచిలుకులో దాటేస్తుంది. రిఫ్లెక్టర్ ఉంటే 150 మీటర్ల నుంచే కనబడతారు. చీకట్లో నడిచేవాళ్లు అది పెట్టుకోవాలని ఇక్కడి చట్టమే చెబుతోంది. సూపర్‌మార్కెట్లో 'హెయ్యస్తిన్' అని అడగండి, కొన్ని యూరోలే.

రిఫ్లెక్టర్ దారాన్ని జాకెట్ జేబులో పిన్నుతో గుచ్చి, బిళ్ల మోకాలి ఎత్తుకి వేలాడేలా వదలండి. డిమ్ లైటు కిందికే పడుతుంది కాబట్టి భుజం దగ్గర పెడితే లాభం తక్కువ. రెండు వైపులా ఒక్కోటి ఉండాలి, లేకపోతే అటునుంచి వచ్చే కారుకి మీ ఒళ్లే అడ్డం. జేబులో తాళాలతో కలిపి పడేయకండి, గీతలు పడితే మెరుపు పోతుంది. పసుపుపచ్చ ఫ్లోరసెంట్ బట్ట పగటికే పనికొస్తుంది, రాత్రికి దాని మీద మెరిసే పట్టీలు ఉండాలి.

సైకిలుకి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎడమ పక్కన, కార్లకి ఎదురుగా నడవండి. శరత్కాలంలో పుట్టగొడుగులకి అడవిలోకి వెళ్తే నారింజ రంగు టోపీ పెట్టుకోండి, అది దుప్పుల వేట కాలం.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముదురు స్వెటర్, శాలువాతోనే సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరతారు. వాళ్ల చెప్పుల పక్కన కొక్కేనికి రిఫ్లెక్టర్ చొక్కా ఒకటి తగిలించి ఉంచండి.