నెల్లూరులో కూర్చుని సినిమా తియ్యాలంటే: కథ కాడ్నించి థియేటర్ దాకా

మన పక్క ఊరికొకడు ఉంటాడబ్బా జేబులో కథ పెట్టుకుని తిరిగేవాడు, కావలిలో, కందుకూరులో, కొత్తపట్నంలో, యాడ చూసినా, వాళ్లందరూ అడిగేది ఒకటే, అన్నా ఫస్ట్ ఏం చెయ్యాలి అని. నేను చెప్పేది కొంచెం తలకిందులుగా ఉంటాది. ముందు సినిమా యాడ, ఎట్ట అమ్ముతారో తెలుసుకోండి, తర్వాత పెన్ను పట్టుకోండి.

తెలుగు సినిమా బిజినెస్ ఏరియాల లెక్కన నడుస్తాది. నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ, తర్వాత ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. మన నెల్లూరు చిన్నదే గానీ సొంతంగా ఒక ఏరియా, ఒంగోలు మాత్రం గుంటూరు ఖాతాలోకి పోతాది. బయట రాష్ట్రాలు, ఓవర్సీస్ వేరే. అమ్మేది మూడు రకాలు. ఔట్‌రైట్ అంటే డిస్ట్రిబ్యూటర్ ఇంత అని ఇచ్చేసి ఏరియా కొనేసుకుంటాడు, లాభమొచ్చినా నష్టమొచ్చినా ఆయనదే. ఎన్‌ఆర్‌ఏ, నాన్ రిఫండబుల్ అడ్వాన్స్, అంటే ఇచ్చిన డబ్బు తిరిగి అడగడు, అది రాబట్టుకుని తన కమీషన్ తీసుకున్నాక పైన వచ్చిందాంట్లో మనకి వాటా ఉంటాది. మూడోది అడ్వాన్స్, కొంత డబ్బిచ్చి కమీషన్ మీద ఆడిస్తాడు, అది రాకపోతే మనమే వెనక్కి కట్టాల. పేరున్న హీరో లేని చిన్న సినిమాకి మొదటి రెండూ దొరకడం బో కష్టం, ఎక్కువగా ఉత్త కమీషనే, అదీ లేకపోతే థియేటర్ అద్దె మనమే కట్టి వేసుకోవాల.

టికెట్ లెక్క కూడా ఒకసారి చూడండి. ఊరికే మాటకి, టికెట్ 80 రూపాయలు అనుకుందాం, దానిమీద జీఎస్టీ 5 శాతం (2025 సెప్టెంబరు 22 నుంచి వంద లోపు టికెట్‌కి 5, వంద దాటితే 18), ప్రేక్షకుడు 84 ఇస్తాడు. షోకి వంద మంది వస్తే పన్ను పోను 8,000. అందులోంచి థియేటర్ అద్దె పోవాల, లేదా పర్సంటేజీ మాట్లాడుకునుంటే వాళ్ల వాటా పోవాల, మిగిలిందాన్ని షేర్ అంటారు. ఆ షేర్‌లోంచి డిస్ట్రిబ్యూటర్ కమీషన్, పోస్టర్లు, డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు, అన్నీ పోయాక నిర్మాతకి. ఫలానా సినిమా ఇన్ని కోట్లు గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, అని పేపర్లో చూసి మీ బడ్జెట్ వేసుకున్నారంటే మునిగిపోతారు, షేర్ చూసి వేసుకోండి.

ఇప్పుడు కథ. ముందు లైన్, రెండు నిమిషాల్లో చెప్పగలిగేది, తర్వాత సీన్ ఆర్డర్, చివర్లో డైలాగ్ వెర్షన్. ప్రతి సీన్ మీదా యాడ జరుగుతాది, పగలా రాత్రా, ఎవరెవరు ఉండారు అని రాయండి, ఎందుకంటే రేపు మేనేజర్ బడ్జెట్ వేసేది ఆ ఒక్క లైన్ చూసే. ముప్పై చోట్ల జరిగే కథని పది చోట్లకి తేవచ్చేమో కాగితం మీదే చూడండి, కాగితం మీద కొట్టేస్తే ఇంకు ఖర్చు, సెట్లో కొట్టేస్తే ఒక రోజు యూనిట్ మొత్తం ఖర్చు. డైలాగ్ వెర్షన్ అయ్యాక హైదరాబాద్‌లో రచయితల సంఘంలో కథ, ఫిలిం చాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేయించండి. పాటలుంటే రాసేవాళ్లతో డేటు కూడా కాగితం మీద పెట్టుకోండి. మన సూళ్లూరుపేట పక్క మంగళంపాడులో పుట్టిన పాటల రచయిత ఆత్రేయ గారి మీద ఒక మాట ఉండేది, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తాడు, రాయక నిర్మాతల్ని ఏడిపిస్తాడు అని. ఆయన కాబట్టి నిర్మాతలు ఆగారు, అందరికోసం ఆగలేం.

షెడ్యూల్ దగ్గర బయటోళ్లకి తెలియని సంగతులు మనకి తెలుసు, అవి వాడుకోండి. హైదరాబాద్ వాళ్లు జూన్, జులైలో వానకి భయపడతారు, మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాన్లూ అప్పుడే, ఆ టైములో మైపాడు బీచ్‌లో అవుట్‌డోర్ పెట్టుకుంటే యూనిట్ మొత్తం లాడ్జిలో పడుకోవాల్సిందే. వరి సంగతి ఇంకా ముఖ్యం. పెన్నా కింద మడి ఫిబ్రవరిలో పచ్చగా ఉండాది కదా అని హీరో గట్టు మీద నడిచే సీన్ సగం తీసి, మిగతా సగం ఏప్రిల్‌కి పెట్టుకున్నారనుకోండి, కోతలైపోయి ఉత్త కొయ్యకాళ్లుంటాయి, సీన్‌లో మాత్రం అదే సాయంత్రం. ఒక లొకేషన్‌లో సీన్లన్నీ, కథలో ముందూ వెనకా ఉన్నా సరే, ఒకేసారి లాగించెయ్యాల, అసిస్టెంట్ డైరెక్టర్ చేతిలో కంటిన్యుటీ ఫోటోలు, అంటే ముందు షాట్‌లో బట్టలూ సామానూ ఎట్టున్నాయో చూపించేవి, ఉండాల. రెక్కీకి, అంటే లొకేషన్ చూసొచ్చేదానికి, పోయేటప్పుడు షూటింగ్ ఏ టైములో ఉంటాదో అదే టైములో పోండి, వెలుగు చూడండి, ముఖ్యంగా చెవులు పెట్టి వినండి. కోస్తా పక్కంతా రొయ్యల గుంటలే, మధ్యాన్నం నిశ్శబ్దంగా ఉన్న చోట తెల్లారుజామున ఏరియేటర్లు తిరగతా ఉంటాయి, ఆ రొద మధ్య లైవ్ సౌండ్ తీసుకుంటే పనికిరాదు. అట్టాంటి చోట సౌండ్ పైలట్‌కి, అంటే డబ్బింగ్‌లో విని చెప్పుకునేదానికి, మాత్రమే అనుకుని డబ్బింగ్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

పర్మిషన్లు, ఊరైతే పంచాయతీ, రోడ్డైతే పోలీసు, గుడైతే ఎండోమెంట్స్, కోటలైతే పురావస్తు శాఖ. డ్రోన్‌కి జోన్ మ్యాప్ చూసుకోండి, శ్రీహరికోట వైపు ఆ ఆలోచనే వద్దు. ఒంగోలు ఎద్దులతో బండలాగుడు పందెం సీన్ పెట్టుకున్నవాళ్లు మాత్రం ఆగి చదవండి, జంతువులతో తీసే సీన్‌కి యానిమల్ వెల్ఫేర్ బోర్డు పర్మిషన్ షూటింగ్‌కి ముందే తెచ్చుకోవాల, తీసేశాక సెన్సార్ వాళ్లు ఆ కాగితం అడిగితే అప్పుడు యాడ తెస్తారు.

షూటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కొబ్బరికాయ కొట్టాక టైమూ డబ్బూ నీళ్లలా పోతాయి, మంచి ప్రొడక్షన్ మేనేజర్ ఉంటే కొంచెం నిదానంగా పోతాయి. టిఫిన్ టైముకి రాకపోతే ఫస్ట్ షాట్ కూడా టైముకి పడదు, ఇది రాసిపెట్టుకోండి. రోజూ సాయంత్రం ఫుటేజ్‌ని రెండు వేరువేరు హార్డ్ డిస్కుల్లో కాపీ చెయ్యండి, రెండూ ఒకే బ్యాగులో పెట్టొద్దు.

గుమ్మడికాయ కొట్టి షూటింగ్ ముగించాక ఎడిటింగ్, డబ్బింగ్, డీఐ అంటే కంప్యూటర్‌లో కలర్ సరిచెయ్యడం, రీరికార్డింగ్ (ఆర్‌ఆర్) అంటే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, మిక్సింగ్, ఈ వరసలో పోతాది. చిన్న సినిమాలు ఎక్కువ ఆగిపోయేది ఈడే, షూటింగ్‌కే డబ్బంతా అయిపోయుంటాది కాబట్టి. ఎడిట్ లాక్ కాకముందే, అంటే ఇంక మార్చం అని ఖాయం చెయ్యకముందే, మ్యూజిక్ డైరెక్టర్‌కి ఇస్తే సీన్ నాలుగు సెకన్లు తగ్గినప్పుడల్లా ఆర్‌ఆర్ మళ్లీ అతుకులెయ్యాల.

సెన్సార్‌కి ఇప్పుడు ఆన్‌లైన్ అప్లికేషన్, మనకి రీజనల్ ఆఫీసు హైదరాబాద్. 2024 రూల్స్ వచ్చాక యూఏ, అంటే పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్, వయసుల లెక్కన మూడు ముక్కలైంది, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. రిలీజ్ డేట్ పోస్టర్ మీద వేసి తర్వాత సెన్సార్‌కి పోవడం మనోళ్ల అలవాటు, అది మానుకోండి. సిగరెట్ సీనుంటే హెచ్చరిక యాడ్ మొదట్లోనూ ఇంటర్వెల్ తర్వాతా పడాల.

రిలీజ్‌కి రీళ్ల డబ్బాలు లేవిప్పుడు, డీసీపీ అనే డిజిటల్ ఫైలు పోతాది, దాన్ని తెరిచే తాళం కేడీఎం, ఏ థియేటర్‌కి ఆ థియేటర్‌ది, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా అని వస్తాది. డబ్బులు టైముకి కట్టకపోతే తాళం రాదు, మార్నింగ్ షో క్యాన్సిల్. సూళ్లూరుపేటలో 2019లో వంద అడుగుల పైన వెడల్పున్న స్క్రీన్ కట్టారని మన సినిమా కూడా దాంట్లోనే పడాల అనుకోవద్దు, చిన్న సినిమాకి తక్కువ సీట్ల హాలు, అద్దె తక్కువ ఉన్నది, అదే మేలు. ఏరియాలన్నీ ఒకేసారి వెయ్యకుండా మీ పేరు తెలిసిన నాలుగు ఊళ్లలో మొదలుపెట్టినా తప్పులేదు. ఓటీటీ వాళ్లతో మాటలు రిలీజ్‌కి ముందే మొదలుపెట్టండి, సినిమా పోయినాక రేటు వాళ్లు చెప్పిందే. రోజూ రాత్రి ప్రతి సెంటర్ నుంచి డీసీఆర్, అంటే ఆ రోజు కలెక్షన్ రిపోర్టు, తెప్పించుకుని ఫైల్ చెయ్యండి, థియేటర్లలోంచి సినిమా ఎత్తేసిన నెలకి డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్క సెటిల్ చేసుకునేటప్పుడు మీ చేతిలో ఉండేది ఆ కాగితాలే.