జలుబు తర్వాత బొంగురు గొంతు - క్యారల్స్ టైంలో నాకు పనిచేసింది ఇదీ

బెంగళూరు డిసెంబర్ చలి, పైగా ఫ్రేజర్ టౌన్, కాక్స్ టౌన్ అంటూ వరసగా క్రిస్మస్ క్యారల్స్ పాడే ఛారిటీ ప్రోగ్రాంలు, జలుబు తగ్గినా పాటలో పైస్థాయికి వెళ్తే గొంతు జీరపోయేది. మిరియాల పాలు, తేనె, లాజెంజెస్ (చప్పరించే గొంతు బిళ్లలు), ఏవీ పనిచేయలా.

పనిచేసింది స్ట్రా అండి. ముందు ఉత్త వేడినీళ్ల ఆవిరి పట్టి కాసేపు ఆగా. తర్వాత సగం గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో స్ట్రా 2 సెంటీమీటర్లు ముంచి, పెదాలు బిగించి, బుగ్గలు వదులుగా పెట్టి 'ఊ' అంటూ ఊదా, బుడగలు తెగకుండా ఒకే తీరుగా రావాలి, అది కుదిరేదాకా పైకి వెళ్లొద్దు. మొదట మధ్యస్థాయిలో ఒక్క స్వరం, ఆ తర్వాత మెల్లగా కిందనుంచి పైకి జారుతూ, చివరికి పల్లవి మొత్తం స్ట్రాలోనే. స్వరతంత్రులు (గొంతులో శబ్దం పుట్టించే మడతలు) ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా స్ట్రాలోంచి గొంతువైపు వెనక్కొచ్చే ఒత్తిడే కాపాడుతుంది.

అందరికీ కుదురుతుందని చెప్పలేను, నాది మామూలు బొంగురే. నొప్పి ఉన్నా, 3 వారాలు దాటినా పాడటం ఆపి ఈఎన్‌టీకి చూపించుకోండి.