డెల్టా పట్టణానికి పర్యావరణ ప్రణాళిక రాస్తున్నారా? కాలువ నుంచి మొదలుపెట్టండి

మీ మున్సిపాలిటీలో పర్యావరణ కమిటీ వేశారనో, వేయాలని అనుకుంటున్నారనో, అందులో మీ పేరు కూడా రాసుకున్నారనో అనుకుందాం. మొదటి మీటింగులో ఎవరో ఒకరు మొక్కలు నాటుదాం అంటారు, ఇంకొకరు స్కూలు పిల్లలతో ర్యాలీ పెడదాం అంటారు. రెండూ మంచివే. కానీ కమిటీ ఉన్నది ఏడాదంతా ఊరు చెత్తని, నీళ్లని, చెట్లని ఎలా వాడుకోవాలో కాగితం మీద పెట్టి, దానికి డబ్బు, మనిషి, గడువు ఉండేలా చూడటానికి. ఆ కాగితం ఎలా తయారు చేయాలో, ముఖ్యంగా గోదావరి డెల్టాలోని తణుకు, పాలకొల్లు, భీమవరం, అమలాపురం, సామర్లకోట లాంటి కాలువల ఊళ్లలో ఎక్కడ మొదలుపెట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు అధికారం సంగతి తేల్చుకోండి, ఎందుకంటే "ఇది మన పని కాదండీ" అనే మాట మొదటి రోజే వినపడుతుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు ఇవ్వదగిన 18 అంశాలు ఉన్నాయి. చెత్త, పారిశుద్ధ్యం, తాగునీరు, చెట్లు, పర్యావరణ రక్షణ అన్నీ అందులో ఉన్నవే. ఇంకో సంగతి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. కాబట్టి కొత్త కమిటీ కోసం తిరిగే ముందు మీ ఊళ్లో అది ఉందా, ఉంటే సభ్యులెవరు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని కమిషనర్ ఆఫీసులో ఒక అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఉన్న కమిటీనే కదిలించడం కొత్తది పుట్టించడం కంటే తేలిక.

అమెరికాలో మనవాళ్లు చాలామంది స్థిరపడ్డ న్యూజెర్సీ రాష్ట్రంలో 1968 నుంచి ఇలాంటి ఊరి పర్యావరణ కమిషన్లకు ఒక చట్టం ఉంది. ఊరి పాలకవర్గం ఐదుగురి నుంచి ఏడుగురి దాకా ఆ ఊరివాళ్లనే సభ్యులుగా వేసుకోవచ్చు. వాళ్లు సలహా మాత్రమే ఇస్తారు. అయితే ఆ చట్టంలో మనం అరువు తెచ్చుకోదగ్గ రెండు సంగతులున్నాయి. ఒకటి, సభ్యుల్లో ఒకరు ఊరి ప్లానింగ్ బోర్డులో కూడా ఉండి తీరాలి, అంటే లేఔట్‌లు, కట్టడాల అనుమతులు చూసే చోట కమిషన్ మనిషి ఒకరు కూర్చుంటారు. రెండు, ఊళ్లోని ఖాళీ స్థలాలు, బురద నేలలు, చిత్తడి నేలలు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, అన్నిటికీ ఒక జాబితా పెట్టుకోవాలి. ముందు జాబితా, ఆ తర్వాతే సలహా.

మన కమిటీలో ఎవరుండాలంటే నా అభిప్రాయం ఇది. టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి ఒకరు, శానిటరీ ఇన్‌స్పెక్టర్, వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే సెక్రటరీల్లో ఒకరిద్దరు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సంఘాల మహిళలు, రోజూ చెత్త బండి తోలే కార్మికుల్లో కనీసం ఒకరు. ఆ కార్మికుడికి ఏ వీధిలో ఏమొస్తుందో తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టకుండా కుర్చీ వేసి మాట్లాడించండి. వీళ్లతోపాటు చాలా ఊళ్లు మరిచిపోయే ఇద్దరున్నారు: జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), మీ కాలువ కింద నీటి సంఘం రైతు. కాలువ వాళ్లది, మురుగు మనది. ఇద్దరూ ఒక గదిలో కూర్చోకపోతే ఉత్తరాలే తిరుగుతాయి.

ఊరి నీటి పటం

ఇది తీరిగ్గా చేయాల్సిన పని. ధవళేశ్వరం దగ్గర నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకు నీళ్లు మళ్లుతాయి, అక్కడి నుంచి కాలువలుగా, బోదెలుగా చీలిపోతూ మన ఊళ్ల మధ్య నుంచే సాగుతాయి. పొలాల్లో మిగిలిన నీళ్లూ, ఊళ్ల మురుగూ డ్రెయిన్లలో పడి యనమదుర్రు లాంటి వాటి మీదుగా సముద్రం వైపు వెళ్తాయి. అంటే మన ఊళ్లో రెండు రకాల నీటి దారులుంటాయి, ఇచ్చేది ఒకటి, తీసుకుపోయేది ఒకటి. కాగితం మీద అవి వేరువేరు. నేల మీద మాత్రం చాలాచోట్ల ఇళ్ల మురుగు పైపులు, హోటళ్ల గొట్టాలు, కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకుల పొంగు కూడా నేరుగా పంట కాలువలోకే తెరుచుకుని ఉంటాయి.

వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు కదా, మీ సర్వేకి అదే సమయం. నీళ్లు దిగిపోయాక గట్టు మీద నడుచుకుంటూ వెళ్తే నిండు కాలువలో కనపడని ప్రతి గొట్టం కనపడుతుంది. కాలువ ఊళ్లోకి వచ్చే చోటు నుంచి ఊరు దాటే చోటు దాకా ఇద్దరు ముగ్గురు కలిసి నడవండి, ప్రతి గొట్టానికీ ఒక నంబరు, ఫోటో, ఎదురుగా ఉన్న ఇల్లో షాపో గుర్తు, ఫోనులో లొకేషన్. చెత్త గుట్టలు, కోళ్ల వ్యర్థాలు పోసే చోట్లు, ఆక్రమణలు, పూడిపోయిన తూములు కూడా రాసుకోండి. ఎవరి మీదా కోపంగా రాయొద్దు. చాలామందికి తమ గొట్టం ఎక్కడ తేలుతుందో నిజంగా తెలియదు, ఇల్లు కట్టిన మేస్త్రి పెట్టేసి వెళ్లిపోయి ఉంటాడు.

ఇది నాకు ఎందుకింత ముఖ్యమంటే, కాలువలు కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు, సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు ఆ కాలువ నీళ్లతోనే నింపుతారు. మనం మార్చి నెలలో కాలువలోకి వదిలింది దిగువ ఊరి చెరువులో చేరి, వేసవంతా వాళ్ల బిందెల్లో ఉంటుంది. పైనున్న ఊరు వదిలింది మన చెరువులో ఉంటుంది. ఫిల్టర్ బెడ్డులు, క్లోరిన్ ఉన్నాయి నిజమే, కానీ శివారు గ్రామాల్లో చిన్న పిల్లలున్న ఇళ్ల గురించి ఆలోచిస్తే కమిటీ మొదటి తీర్మానం ఏమిటో మనకే తెలిసిపోతుంది: కాలువలోకి తెరిచిన గొట్టాలు ఎన్ని, ఈ ఏడాది ఎన్ని మూస్తాం లేదా డ్రెయిను వైపు తిప్పుతాం. అన్నీ ఒకేసారి కావు. మంచినీళ్ల చెరువు తూముకి ఎగువనున్నవి ముందు. తిప్పిన చోట కూడా మురుగుని శుద్ధి చేయకుండా డ్రెయిన్లో వదిలితే కథ సముద్రం దాకా జరుగుతుంది, అందుకని రెండో ఏడాదికి సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాన్ని శుద్ధి చేసే ప్లాంటు గురించి, మురుగు బండి ఎక్కడ ఖాళీ చేస్తోందో చూసే పద్ధతి గురించి ఒక పేరా రాసి పెట్టండి.

క్యాలెండర్ కాలువదే

పట్నాల్లో పర్యావరణ ప్రణాళికలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా రాస్తారు. డబ్బు లెక్కకి అది సరే. పనుల లెక్క మాత్రం సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రెండో పంట) వెంట నడవాలి. కాలువలు కట్టేయడానికి నెల ముందు చెరువులు నింపుతారు, ఆ రోజుల్లో తూము చుట్టుపక్కల కాపలా. కట్టేశాక నడక, పూడికతీత, గొట్టాల పని. నీళ్లు వదిలే లోపు ఊరు మొదట్లోనూ చివర్లోనూ చెత్త ఆపే జాలీలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద, వినాయక చవితి. మట్టి విగ్రహాలు, నిమజ్జనానికి వేరే గుంట అనే మాట చవితికి నెల ముందే కుమ్మరులతో, మండపాల వాళ్లతో మాట్లాడి పెట్టుకోవాలి, వారం ముందు చెబితే అప్పటికే విగ్రహాలు కొనేసి ఉంటారు. నవంబరు, డిసెంబరుల్లో ప్రణాళిక రాత. మార్చిలోగా బడ్జెట్ పాసవుతుంది కాబట్టి జనవరిలోనే మీ కాగితం అజెండాలోకి వెళ్లకపోతే ఆ ఏడాదికి పైసా రాదు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, ఘాట్లున్న ఊళ్లు దానికి విడిగా రాసుకోవాలి.

చెత్త

తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే రాశారు, 2026లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి ఎక్కువ చెప్పను, డెల్టాకి మాత్రమే వచ్చే చిక్కులు చెబుతాను.

ఒకటి, స్థలం. ఇక్కడ పొలం ఖరీదు ఎక్కువ, భూగర్భ జలం చాలా పైన ఉంటుంది. అందుకే చెత్త గుట్ట పోస్తే దాని ఊట నీళ్లలో కలవడానికి ఎక్కువ కాలం పట్టదు, పైగా స్థలం దొరక్క కాలువ గట్టు మీదో ఏటిగట్టు లోపలో పోసేస్తారు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు. ఆ స్థాయికి వచ్చినప్పుడు మీ డంపింగ్ యార్డు నీళ్లలో ఉంటుందా అన్న ప్రశ్న ఒక్కటి అడిగి, 1986, 2022 వరదల్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో పెద్దవాళ్లని అడిగి పటంలో గీయండి. యార్డు ఆ గీతకి లోపల ఉంటే, వేరే చోటుకి మార్చడం మీ ప్రణాళికలో పెద్ద పని. యార్డుకి వెళ్లే చెత్తని తగ్గించడం దానికంటే చౌక.

తగ్గించాలంటే తడి చెత్త వార్డులోనే ఎరువు కావాలి. మనకి అదనంగా నీళ్ల మీద తేలుతూ పెరిగే గుర్రపు డెక్క ఉంది. డ్రెయిన్లలోంచి దాన్ని తీయించి గట్టు మీదే వదిలేస్తారు, ఒక్క వానకి మళ్లీ జారి నీళ్లలో పడుతుంది. అందులో 90 శాతానికి పైగా నీరే కాబట్టి గట్టుకి దూరంగా రెండు మూడు రోజులు ఎండబెడితే బరువు బాగా తగ్గిపోతుంది, అప్పుడు బండికెత్తి పేడతో, తడి చెత్తతో కలిపి పొరలుగా వేస్తే మంచి ఎరువు. మురుగులో పెరిగిన డెక్కని మాత్రం కూరగాయలకి కాకుండా నర్సరీ మొక్కలకి, రోడ్డు పక్క చెట్లకి వాడటం నయం, ఎందుకంటే అది నీటిలోని లోహాల్ని పీల్చుకుంటుంది. కడియం నర్సరీలు దగ్గర్లో ఉన్న ఊళ్లు కొనుగోలు గురించి వాళ్లతో ముందే మాట్లాడుకోవచ్చు. కొబ్బరి డొక్కలు, బోండాలు కుళ్లడానికి చాలా కాలం పడుతుంది, వాన నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. వాటిని మామూలు బండిలో కలపకుండా వారానికోసారి విడిగా ఎత్తించి పీచు తీసేవాళ్లకి ఇవ్వాలి, కోనసీమలో ఆ పని తెలిసినవాళ్లకి కొదవ లేదు.

రెండు, ఫంక్షన్ హాళ్లు. మన దగ్గర పెళ్లంటే ఎంత వడ్డన ఉంటుందో తెలిసిందే. లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకి చెప్పాలని, చెత్త వేరుచేసి ఇవ్వాలని ఆ 2016 నియమాల్లోనే రాశారు. దాన్ని అమలు చేయండి. అదే హాళ్లకి అరటాకుల సరఫరా, స్టీలు గ్లాసుల అద్దె మెప్మా సంఘాలతో కుదిర్చితే ఆ ఆడవాళ్లకి ఆదాయం, ఊరికి చెత్త తక్కువ. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న ప్రాంతంలో మనం ప్లాస్టిక్ ఆకుల్లో తినాల్సిన అవసరం ఏముంది?

వేరే ఊరి ప్రణాళిక కాపీ కొట్టొద్దు

ఇంకుడు గుంతలు రాయలసీమకి ప్రాణం లాంటివి. రెండు మూడు మీటర్లలోనే నీళ్లు తగిలే నేలలో వానాకాలంలో ఆ గుంత నిండిపోయి అలాగే ఉంటుంది. మనకి, అందులోనూ భూగర్భ జలం ఉప్పగా ఉన్న నరసాపురం, అంతర్వేది వైపు, డాబా మీద వాన నీటిని ట్యాంకులో పట్టి దాచుకోవడమే ఎక్కువ ఉపయోగం. స్కూళ్లు, సచివాలయాల నుంచి మొదలుపెట్టండి. చెట్ల విషయంలో కూడా అంతే. గట్టు మీద కానుగ, నేరేడు, నల్లమద్ది, తాటి. వేసే ముందు జలవనరుల శాఖని అడగండి, పూడికతీత యంత్రం వెళ్లే వైపు నాటితే రెండేళ్లకి కొట్టేస్తారు. ఎన్ని నాటారో కాదు, వేసవి దాటాక ఎన్ని బతికాయో లెక్క రాయించండి. ఆక్వా చెరువుల నీళ్లు డ్రెయిన్లలోకి రావడం పెద్ద సమస్యే కానీ అది మున్సిపాలిటీ చేతిలో లేదు, ఆధారాలతో జిల్లా కలెక్టరుకి, కాలుష్య నియంత్రణ మండలికి రాసి మీ ప్రణాళికలో జతపరచండి.

రాత పద్ధతి

"కాలువల పరిశుభ్రతకు చర్యలు తీసుకోబడును" అని రాస్తే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. "7వ వార్డులో పంట కాలువలోకి తెరిచిన 4 నుంచి 11 నంబర్ల గొట్టాలను కాలువలు వదిలే లోపు వీధి డ్రెయిన్‌కి కలపాలి, బాధ్యత మున్సిపల్ ఏఈ, ఖర్చు ఫలానా పద్దు" అని రాయండి. ప్రతి పనికీ ఇలా మనిషి, గడువు, పద్దు ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి లేకపోతే ఆ పనిని ఈ ఏడాది జాబితాలోంచి తీసి వచ్చే ఏడాదికి పెట్టండి, కమిటీ మీద జనానికి నమ్మకం నిలబడేది పది పనులు రాసి పదీ చేసినప్పుడే. డబ్బు కోసం ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లలో తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించిన భాగం ఎంతుందో అకౌంటెంటుని ముందే అడగండి.

తర్వాత ముసాయిదాని సచివాలయాల గోడ మీద అంటించి, వార్డుల వారీగా ఒక సాయంత్రం చదివి వినిపించండి. గొట్టం మూయాల్సిన ఇళ్లకి నోటీసు కంటే ముందు మనిషి వెళ్లాలి. అభ్యంతరాలు రాసుకుని, మార్చి, కౌన్సిల్ ముందు తీర్మానం కోసం పెట్టండి, కౌన్సిల్ లేని కాలంలో ప్రత్యేకాధికారి ముందు. మూడు నెలలకోసారి ఏ పని ఎంతవరకొచ్చిందో అదే గోడ మీద అంటించాలని ఆ తీర్మానంలోనే రాయించుకోండి.

తీర్మానం అయ్యాక ఒక ప్రతిని కాలువ మీద మీకు దిగువన ఉన్న మొదటి పంచాయతీకి పంపి, వాళ్ల మంచినీళ్ల చెరువు ఏ తేదీల్లో నింపుతారో అడిగి తెలుసుకుని ఆ తేదీల్ని మీ క్యాలెండర్లో రాసుకోండి. ఎగువనున్న మున్సిపాలిటీకి కూడా ఒక ప్రతి పంపి, మీ చెరువు నింపే తేదీలు వాళ్లకి చెప్పండి.